పక్కింటి కుర్రాడి ఎడమ చెయ్యి

ఆ కుర్రాణ్ణి కనిపెట్టింది నేనే. వాషింగ్టన్ రాష్ట్రంలో అతని పేరు ఇంకా ఎవరి నోటా పడకముందే, బ్యాటు చప్పుడు విని "వీడు పైకొస్తాడు" అని ప్రకటించినవాణ్ణి నేనే.

ఈ మాట చాలా ఏళ్లుగా చాలామందికి చెబుతూ వచ్చాను కాబట్టి అలవాటుగా ఇక్కడా అలాగే మొదలైపోయింది. నిజానికి అతన్ని ముందు కనిపెట్టింది అతనికి జీతమిస్తున్న పెద్ద జట్టువాళ్లు. తరవాత, వేసవికి అతన్ని తన ఇంట్లో పెట్టుకున్న మా పక్కింటావిడ. ఆ తరవాత మా ఆవిడ. నేను నాలుగోవాణ్ణి. చప్పుడు విన్నమాట మాత్రం నిజం. మా ఇంటివెనక అరుగులాంటి డెక్‌కి, వాళ్ల పెరటికి మధ్య ఉన్నది ఒక చెక్క కంచె. పొద్దున్నే కాఫీ పట్టుకుని కూర్చుంటే వినపడక చస్తుందా?

ఇది బాతెల్ అనే ఊళ్లో, రెండువేల తొమ్మిదిలోనో పదిలోనో జరిగింది. నేను విమానాల ఫ్యాక్టరీలో రిటైరై అప్పటికి కొన్నేళ్లు. రిటైరైన మగవాడు పగలంతా ఇంట్లో తిరుగుతుంటే ఎంత నరకమో మా ఆవిడ ఇంటికొచ్చినవాళ్లందరికీ చెబుతుండేది. అది విని జాలిపడి, రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ పనిచేసే మన కుర్రాళ్లు నన్ను తమ బేస్‌బాల్ లీగులో చేర్చుకున్నారు. జాలి నా మీద కాదు, ఆవిడ మీద. వాళ్లలో ఒకతను కొత్త ఉద్యోగమొచ్చి దేశానికి అటు చివర హెర్న్‌డన్‌కి మారిపోతూ తన జట్టుని నాకు అప్పగించి వెళ్లాడు.

జట్టంటే మేం మైదానంలోకి దిగేదేమీ లేదు. మోకాళ్లు పట్టుకుపోయినవాళ్లం, పొట్టలు దిగినవాళ్లం. ఎక్కడో నిజంగా ఆడుతున్న ఆటగాళ్లని మేం కంప్యూటర్‌లో వంతులవారీగా పంచుకుంటాం. వాళ్లు అక్కడ కొడితే ఇక్కడ మాకు పాయింట్లొస్తాయి. ఫాంటసీ లీగ్ అంటారు. మామూలు లీగుల్లో ఏడాది తిరిగేసరికి జట్లన్నీ రద్దు, మళ్లీ పంపకం. మాది కీపర్ లీగ్. సీజన్ చివర ప్రతివాడూ నలుగుర్ని మాత్రం అట్టేపెట్టుకోవచ్చు, మిగిలినవాళ్లని వదిలేయాలి. అందుకని ఇవాళ కొట్టేవాడొకడే ఉంటే చాలదు, మూడు నాలుగేళ్లకి కొట్టబోయేవాణ్ణి కూడా ఇప్పుడే వాసన పట్టి పెట్టుకోవాలి. గెలిచినవాడింట్లో ఏడాదిపాటు ఒక ఇత్తడి చెంబు ఉంటుంది. ఆ చెంబు కోసం పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు భార్యలతో మాట్లాడ్డం మానేయడం నేను చూశాను.

మీసం సరిగ్గా రాని పిల్లాణ్ణి చూసి వాడు రేపేమవుతాడో చెప్పాలి. ఇది నాకు కొత్త విద్యేం కాదు. మా ఇళ్లలో సంబంధం కుదిరేముందు పెద్దవాళ్లెవరో ఒకరు చెప్పాపెట్టకుండా ఆ ఊరు వెళ్లి విచారించి వచ్చేవారు. పిల్లాడి మార్కులు అందరూ చెబుతారు. కోపమొస్తే ఏంచేస్తాడు, పెట్టినదాన్ని వంకలు పెడతాడా, వాళ్లమ్మని ఎలా పిలుస్తాడు, ఇవి వెళ్లి చూస్తేనే తెలుస్తాయి. అలాంటి విచారణల మీద నన్ను మా మేనమామలు తమతో తిప్పేవారు. నేను చూసి సరేనన్న సంబంధం ఒక్కటీ చెడలేదు.

ఒకటి చెడింది. అది వేరే కథ.

మా ఊరికి దగ్గర్లో ఆడే జట్టు, పెద్ద జట్లు కుర్రాళ్లని తయారుచేసుకునే చిన్న లీగుల్లో కింది మెట్టు. జూన్‌లో మొదలై సెప్టెంబర్ మొదట్లో అయిపోతుంది. ఆ పిల్లలకిచ్చే జీతానికి ఇక్కడ అద్దెగది రాదు, అందుకని ఊళ్లోవాళ్లే తలా ఒకరిని ఇంట్లో పెట్టుకుంటారు. మా నాన్నగారి రోజుల్లో వారాలు చేసుకుని చదువుకున్న పిల్లల్లాగే. కాకపోతే వారానికి ఏడిళ్లు కాదు, ఒకటే ఇల్లు. మా పక్కింటావిడ భర్త పోయి ఒంటరిగా ఉండేది. ఆ ఏడు ఆవిడ వాటాకి వచ్చినవాడే ఈ కుర్రాడు. పందొమ్మిదేళ్లు. దక్షిణాదిన ఏదో పల్లెటూరు, ఇంటి చుట్టూ వేరుశనగ చేలట. షార్ట్‌స్టాప్. అంటే రెండో మూడో బేసుల మధ్య నిలబడి, బంతి ఎటుపోయినా ముందు తనే ఉరకాల్సినవాడు. కుడిచేతివాటం బ్యాటింగు. ప్రతి మాటకీ "యెస్ మేమ్", "నో సర్".

ఆ "మేమ్"కి మా ఆవిడ పడిపోయింది. పక్కింటావిడ వండే మాకరోనీ చూసి జాలేసి, ఏదో ఒకటి పట్టుకుని కంచె దగ్గరికి వెళ్లేది. మొదటిరోజు అతను ఎడంచేత్తో అందుకోబోతే గిన్నె వెనక్కి లాక్కుంది.

"అలా కాదు నాయనా. కుడిచెయ్యి పైన. ఎడంచెయ్యి దానికింద. ఇలాగ."

అతను నవ్వకుండా, చర్చిలో నిలబడ్డట్టు నిలబడి, రెండు చేతులూ దోసిలి పట్టాడు. ఆ రోజునుంచి అరటిపండిచ్చినా అలాగే పుచ్చుకునేవాడు. నేను స్క్రూడ్రైవర్ ఇచ్చినా అంతే.

మర్నాడే అతన్ని నా జట్టులో వేసుకున్నాను. పక్కింట్లో ఉన్నవాణ్ణి వదులుకుంటామా?

అయినా విచారణ విచారణే. వారానికి రెండుసార్లు గ్రౌండ్‌కి డ్రైవ్ చేసుకుపోయి, మూడో బేసు పక్కన, పిల్లాడి మొహం కనపడే సీట్లో కూర్చునేవాణ్ణి. తన జట్టువాడు తప్పుచేస్తే మొహం తిప్పుకుంటాడా? తిప్పుకోడు. అవుటై వచ్చినప్పుడు హెల్మెట్ విసురుతాడా? విసరడు, బల్లమీద పెడతాడు. చెడ్డ బంతిని వదిలేస్తాడా? అక్కడ నా గుండె కరిగింది. క్రికెట్ చూసి పెరిగిన ప్రాణం నాది. ఆఫ్ స్టంపు బయటి బంతిని చెయ్యెత్తి వదిలేసేవాణ్ణి చూస్తే మాకు సంగీతం విన్నట్టుంటుంది. ఈ కుర్రాడు అలా వదిలేవాడు. నాలుగు చెడ్డ బంతులు వదిలితే ఊరికే మొదటి బేసుకి నడిచిపోవచ్చు. అతను రోజూ నడిచేవాడు.

"మన లీగ్‌ల వాక్‌లకి పాయింట్లే లేవు అంకుల్," అన్నాడు మా లీగులోని వరంగల్ కుర్రాడు. గ్రీన్‌కార్డ్ కోసం ఎదురుచూస్తూ, ఆ ఎదురుచూపు మరిచిపోడానికి బేస్‌బాల్ లెక్కలన్నీ ఎక్సెల్‌లో పెట్టుకున్న మనిషి. "నడుస్తె మనకేమొస్తది?"

"పిచ్చివాడా, ఇవాళ చెడ్డబంతి వదిలితే రేపు ఆ పిచ్చర్ మంచిబంతి వేయకుండా చస్తాడా?"

"గిది మాత్రం మంచి పాయింటే. మరి కొడుతుండా?"

"కొట్టడమా? నిన్న కొట్టిన బంతి ఇంకా కింద పడలేదు."

"అంకుల్..."

"పార్కింగ్‌లో పడింది."

"అంకుల్, నిజం చెప్పుండ్రి."

"కంచె దాటింది. ఎడమవైపు కంచె, అక్కడ కాస్త దగ్గరే అనుకో."

నా మాటలకి అతను ఒక సూత్రం పెట్టుకున్నాడని తరవాత తెలిసింది. అంకుల్ ఏది చెప్పినా సగానికి కొయ్యాలి. నేనేమీ నొచ్చుకోలేదు. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. పిల్లాణ్ణి నలుగురిలో పొగడకపోతే మంచి సంబంధాలెలా వస్తాయి?

వచ్చింది కూడా. ఆగస్టు మొదట్లో వరంగల్ కుర్రాడు తన ఫస్ట్ బేస్‌మన్‌ని ఇస్తానన్నాడు. పెద్ద లీగుల్లో ఏటా ఒకేలా కొట్టుకుంటూ పోయే మనిషి, గానుగెద్దులా నమ్మకస్తుడు. అతన్నిచ్చి నా కుర్రాణ్ణి తీసుకుంటాడట. మా లీగులో మార్పిడులన్నీ సెప్టెంబర్ మొదటి సోమవారం, లేబర్ డే పిక్నిక్‌లోపు తేలిపోవాలి. ఆ రోజు పార్కులో అన్నాలు వడ్డించేముందు ప్రతివాడూ లేచి, ఎవర్ని ఉంచుకుంటున్నాడో, ఎవర్ని వదులుతున్నాడో పేరుపేరునా పైకి చెప్పాలి. అది మేం పెట్టుకున్న ఆచారం.

"ఆలోచిస్తా," అన్నాను, పిల్ల తండ్రిలా బిగుసుకుని. లోపల మాత్రం చెంబు మా హాల్లో ఎక్కడ పెట్టాలో చూసుకున్నాను.

శ్రావణ శుక్రవారం వచ్చింది. మా ఆవిడ వ్రతం చేసుకుని, వేడి బూరెలు పళ్లెంలో పెట్టుకుని కంచె దగ్గరికి వెళ్లింది. నేను డెక్ మీదే ఉన్నాను. కుర్రాడు వచ్చాడు. కుడిచెయ్యి ఒక్కటే చాపాడు.

ఎడంచెయ్యి జేబులోంచి రాలేదు.

మా ఆవిడ పళ్లెం ఇవ్వకుండా అలాగే నిలబడింది. అతనికి అర్థమై, ఆ చేతిని బయటికి తీసి, కుడిచేతి కింద ఆనీ ఆననట్టు పెట్టాడు. పళ్లెం బరువు దిగగానే మొహంలో ఏదో మెరిసి మాయమైంది.

"చెయ్యి నొప్పా?"

"నో మేమ్."

ఆవిడ లోపలికొచ్చి, "ఏవండీ, ఆ పిల్లాడి చేతికేదో అయింది," అంది.

"కర్రబ్యాటు అలవాటు కావద్దూ? స్కూల్లో అల్యూమినియం బ్యాట్లతో ఆడతారు. కర్రతో కొడితే చేతులు జివ్వుమంటాయి, అంతే," అన్నాను పండితుడిలాగా.

కానీ ఆ మాట నేనే నమ్మలేదు. ఎందుకంటే, పొద్దుటిపూట ఆ చప్పుడు మారిందని నేను అప్పటికే విన్నాను. జూలైలో అది ఎండుకొబ్బరి పగలగొట్టినట్టు ఉండేది. ఇప్పుడు మెత్తగా, తడిబట్ట బండకేసి కొట్టినట్టుంది. బంతి తగిలిన మరుక్షణం అతని ఎడంచెయ్యి బ్యాటుని వదిలేస్తోంది. కొట్టి, పక్కకి తిరిగి, ఆ చేతిని తొడకేసి రుద్దుకుంటున్నాడు. ఇదంతా చూశాను. చూసి, అలసట అనుకున్నాను. అలసట అని అనుకోవాలనుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఇంటర్నెట్‌లో వెతికాను. వెతక్కుండా ఉండాల్సింది. బ్యాటు పిడి చివర గుబ్బ ఉంటుంది చూడండి, అది సరిగ్గా కింది చేతి, అంటే ఇతనికి ఎడంచేతి, అరచేతి అడుగున, చిటికెనవేలి వైపు ఆనుతుంది. అక్కడ కొక్కెంలాంటి ఒక చిన్న ఎముక. లక్షలసార్లు గుబ్బ తగిలి తగిలి అది విరుగుతుంది. విరిగినా ఆడొచ్చు. ఆడితే పక్కనున్న నరమో, వేలిని వంచే స్నాయువో అరిగి తెగుతుంది. వేలు మళ్లీ వంగదు. ముందే తెలిస్తే ఆ ముక్క తీసేస్తారు, కొన్ని వారాల్లో బ్యాటు పట్టొచ్చు. పూర్తి బలం మాత్రం ఏడాదిదాకా రాదంటారు.

సాయంత్రం కంచె దగ్గర పట్టుకున్నాను.

"చూపించు."

"ఏం లేదు సర్."

"షేక్‌హ్యాండ్ ఇవ్వు. ఎడంచేత్తో."

అతను నా మొహంలోకి చూశాడు. నీలికళ్లు, ఎండకి చర్మం ఊడుతున్న ముక్కు. "ఎవరికీ చెప్పకండి సర్. సీజన్ అయిపోవస్తోంది. నా చోట్లోకి కాలేజీవాడొకడు కొత్తగా వచ్చాడు. నేను కూర్చుంటే వాడు నిలబడతాడు. ఇక నేను లేవను."

చెప్పనన్నాను. వెంటనే అన్నాను. మంచితనంతో అన్నానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను, ఇక్కడ చెప్పుకోను. పిక్నిక్ దగ్గరకొచ్చింది, గానుగెద్దు బేరం నడుస్తోంది. ఈ సంగతి బయటపడితే ఆ బేరం ఎగిరిపోతుంది. ఆ క్షణంలో నా బుర్రలోకి ముందు వచ్చింది అతని వేలు కాదు, చెంబు.

ఆ తరవాత మూడు నాలుగు రోజులు నాకు కాఫీ సహించలేదు. పొద్దున్నే టక్కుమని ఒక చప్పుడు, నాకు అరచెయ్యి జివ్వుమనేది. ఇంకో చప్పుడు. ఇదేనేమో ఆఖరిదెబ్బ అనిపించేది. లోపలికి పోయి టీవీ పెద్దగా పెట్టుకున్నాను. మా ఆవిడ దాన్ని ఆపేసింది.

"ఆ వరంగల్ అబ్బాయికి చెప్పారా?"

"ఏమని?"

"పిల్లాడికి మూర్ఛ ఉందని దాచిపెట్టి పెళ్లి చేసేవాళ్లని మా ఊళ్లో ఏమనేవారో మీకు తెలుసుగా."

తెలుసు. ఫోన్ తీశాను.

"ఏందంకుల్, ఫైనల్ చేద్దామా?"

"ఒక మాట చెప్పాలయ్యా. ఆ కుర్రాడి ఎడంచెయ్యి బాగాలేదు. ఎముక విరిగిందేమోనని నా భయం."

అటు కీబోర్డు టకటక ఆగింది.

"అంటే మీకు ఇయ్యబుద్ధి అయితలేదు."

"ఇవ్వాలనే ఉంది. అందుకే చెబుతున్నా."

"అంకుల్, నేను మీకు కొత్తనా? మొన్న పార్కింగ్‌ల పడ్డదన్నరు. ఇయ్యాల చెయ్యే లేదంటున్నరు. రెండు వారాల సంది కొడ్తలేడు, అది నా షీట్‌ల గూడ కనబడుతుంది. స్లంప్. గిట్లాంటప్పుడే కొనాలె. మీకు గది ఎర్కే, అందుకే భయపెడ్తున్నరు."

"నా మనవల మీద ఒట్టు."

"మీకు మనవలున్నరా?"

లేరు. అప్పటికింకా లేరు. నోటికొచ్చేసింది.

"చూసిన్రా!" అని పగలబడి నవ్వాడు. "మీరు పొగిడితే సగానికి కోస్త. తిడితే డబల్ చేసుకోవాలె గదా? సరే, ఫస్ట్ బేస్‌మన్‌తోని ఒక పిచ్చర్‌ని గూడ కలుపుత. ఇగ అలగకుండ్రి."

ఫోన్ పెట్టేశాను. జీవితంలో ఎన్నో కోతలు కోశాను, ఏదీ అంత ధర పలకలేదు. ఒక్క నిజం చెబితే ఏకంగా ఒక పిచ్చర్ పెరిగాడు.

"చెప్పాల్సింది చెప్పేశాను," అన్నాను మా ఆవిడతో. "నమ్మకపోతే నా తప్పా?"

"నమ్మే నోటితో చెప్పారా?" అంది. తరవాత పప్పు తాలింపు వేస్తూ, నావైపు చూడకుండా, "అయినా చెప్పాల్సింది అతనికి కాదుగా. అతనిది కంప్యూటర్‌లో ఆట. చెయ్యి ఈ పిల్లాడిది," అంది.

మర్నాడు పొద్దున మొదటి చప్పుడు వినపడకముందే కంచె దగ్గర నిలబడ్డాను. అతను బ్యాటు పట్టుకుని, కళ్లు ఉబ్బి, వచ్చాడు. అతనికి నేను నా కథ మొదలుపెట్టాను. కాలేజీలో నేను క్రికెట్ కెప్టెన్ననీ, రాష్ట్రజట్టుకి ఎంపికచేసే పెద్దలు నన్ను చూడ్డానికే రైల్లో వచ్చారనీ, ఆ ముందురోజే చిటికెనవేలు విరిగితే దాచిపెట్టి దిగాననీ, అర్ధశతకం కొట్టాననీ...

అతను చాలా మర్యాదగా వింటున్నాడు. ఎప్పుడవుతుందా అని చూసేవాళ్లు అంత మర్యాదగా వింటారు. బ్యాటు మీద కుడిచెయ్యి మాత్రమే ఉంది. ఎడంచెయ్యి పక్కన వేలాడుతోంది, వేళ్లు సగం ముడుచుకుని.

అర్ధశతకం దగ్గరే ఆపేశాను.

"అబద్ధం," అన్నాను. "కెప్టెన్ని కాను. పన్నెండోవాణ్ణి. ఆడేవాళ్లకి నీళ్లు మోసేవాణ్ణి. వేలు విరిగింది మ్యాచ్‌లో కాదు, సిటీబస్సు తలుపుసందులో. ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే నా ముందువాడికి జ్వరంగా ఉంది, తరవాతి మ్యాచ్‌కి నన్ను పిలుస్తారని ఆశ. పిలిచారు. ఒక క్యాచ్ వచ్చింది, చేతిలోకే వచ్చింది. పట్టుకోలేకపోయాను. మళ్లీ పిలవలేదు. అంతే. దాంట్లో ఇంకేమీ లేదు."

నా కుడిచెయ్యి కంచె మీద పెట్టి పిడికిలి బిగించాను. నాలుగు వేళ్లు ముడుచుకున్నాయి. చిటికెనవేలు కర్రలా నిలబడింది. గుళ్లో తీర్థం పుచ్చుకుంటే సగం ఆ సందులోంచి మోచేతికి కారిపోతుంది, పూజారులందరికీ నేను గుర్తుండేది అలాగే. అది అతనికి చెప్పడం తెలియలేదు, నీళ్లు పట్టినట్టు చెయ్యి ఒంచి చూపించాను.

అతను ఆ వేలునే చూస్తున్నాడు.

"మీకు వయసెంత సర్, అప్పుడు?"

"నీ అంత."

మాటివ్వలేదు, థాంక్స్ చెప్పలేదు. పెరట్లో కట్టుకున్న వలలోకి బంతులు కొట్టడానికి వెళ్లిపోయాడు. ఒకటి కొట్టాడు. రెండోది కొట్టలేదు. నేను డెక్ మీదికొచ్చి కుర్చీలో కూర్చున్నాక కూడా రెండోది వినపడలేదు. బ్యాటుని గడ్డిమీద పెట్టి, అటు తిరిగి చాలాసేపు నిలబడి, వంటింటి తలుపు తోసుకుని లోపలికెళ్లాడు. కాసేపటికి పక్కింటావిడ కారు బయటికి తీసింది. అతను ముందుసీట్లో ఉన్నాడు.

నేను ఆ పిల్లాడికి మేలు చేశానో, ఉన్న చోటు పోగొట్టానో తెలియదు. తెలియదని మా ఆవిడతో అంటే, "నాకూ తెలీదు," అంది. ఆవిడ నోటివెంట ఆ మాట చాలా అరుదుగా వస్తుంది. అందుకే మరీ భయం వేసింది.

ఎముక విరిగింది. జట్టు డాక్టరు ఎక్స్‌రేలో చూశాడు. స్నాయువు అరగడం మొదలైందట, తెగలేదట. వారంలోపే ఆపరేషన్ చేసి ముక్క తీసేశారు. కాలేజీ కుర్రాడు షార్ట్‌స్టాప్‌లో నిలబడ్డాడు. మొదటి ఆటలోనే బాగా ఆడాడు కూడా, ఆ చచ్చినాడు.

మావాడు ఇంటికి బయల్దేరే రోజు మా ఆవిడ ఒక డబ్బా నిండా జంతికలు వేసి తెచ్చింది. అతని ఎడంచేతికి మోచేతిదాకా తెల్లటి కట్టు. కుడిచెయ్యి చాపాడు. కట్టుతో సహా ఎడంచేతిని నెమ్మదిగా ఎత్తి, దానికింద ఆనించాడు. "ఇవాళ అక్కర్లేదు నాయనా, ఇవాళ అక్కర్లేదు," అంటూ ఆవిడ డబ్బా అతని సంచిలో తనే పెట్టేసింది. నాతో ఏమన్నాడంటే... "మీవల్లే నా జీవితం నిలబడింది" అన్నాడని చాలాచోట్ల చెప్పాను. "బై సర్" అన్నాడు.

పిక్నిక్‌రోజుకి ఈ వార్త నెట్‌లో వచ్చేసింది. పులిహోర గిన్నె దగ్గర వరంగల్ కుర్రాడు నా చొక్కా పట్టుకున్నాడు.

"నిజమే చెప్పిన్రా అంకుల్!"

"చెప్పాను కదయ్యా."

"గట్లగాదు అంకుల్. మీరు నిజం చెప్పేటప్పుడు ముందు ఏదన్న సైగ చెయ్యాలె. దగ్గుడో, గంట కొట్టుడో. నేనిగ మీతోని ఎట్లెయ్యాలె?"

"పాత బేరం ఉందా మరి?"

"మీకు దండం."

అందరూ ఒకరి తరవాత ఒకరు లేచి పేర్లు చెప్పారు. నా వంతొచ్చింది. ముగ్గురి పేర్లు తేలిగ్గానే వచ్చాయి. నాలుగో చోటుకి ఇద్దరున్నారు. ఒకడు పెద్ద లీగులో దిట్టంగా ఆడుతున్న క్యాచర్, అంటే మన వికెట్‌కీపర్ లాంటివాడు, చెంబుకి దారి. రెండోవాడు వేరుశనగ చేల మధ్య, కట్టుకట్టిన చేత్తో, అమ్మ అన్నం కలిపి పెడితే తింటున్నవాడు. (ఆ ఇంట్లో అన్నం కలపరని తెలుసు. నాకు మనసులో అలాగే కనపడింది.)

"క్యాచరేగా అంకుల్?" అన్నారెవరో, చేతిలో ప్లేటు పట్టుకుని.

వయసుంది, ఎముక తీసేశారు కాబట్టి మళ్లీ విరగదు, ఏడాదికి బలం తిరిగొస్తుంది, చెడ్డబంతి వదిలేవాడి కంటికి చేతిదెబ్బ తగలదు అని ఉపన్యాసం ఇచ్చాను. అవన్నీ సబబైన కారణాలే. కానీ అప్పుడు నన్ను ఆపింది అవేమీ కాదు. మా ఆచారం ప్రకారం ఆ పిల్లాడి పేరు పైకి పలికి, నలుగురి ముందూ "వదిలేస్తున్నాను" అనాలి. ఆ మాట నోటికి రాలేదు. క్యాచర్‌ని వదిలాను. వరంగల్ కుర్రాడే ఎగరేసుకుపోయాడు. మరుసటేడు చెంబు వాళ్లింటికే వెళ్లింది.

ఆపరేషన్ తరవాత వచ్చిన వసంతంలో మావాణ్ణి దేశానికి అటు చివర వేరే ఊరు పంపారు. ఒక మెట్టు పైకి. మూడు గంటల తేడా, మేం కాఫీ తాగేవేళకి ముందురోజు ఆట లెక్కలు కంప్యూటర్‌లో వచ్చేస్తాయి. డెక్ మీద ఇప్పుడు చప్పుడు లేదు. పక్కింటావిడ ఆ ఏడు ఎవర్నీ పెట్టుకోలేదు. నేను కళ్లజోడు సర్దుకుని ఆ పేజీ తెరవడానికి ముందు రెండు గుక్కలు కాఫీ మింగేవాణ్ణి, ధైర్యానికి.

మొదటిరోజు, మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి నా వెనక నిలబడింది.

"ఆడాడా?"

"ఆడాడు. రెండు బాదాడు. రెండూ గోడకి తగిలాయి."

ఆవిడ కదల్లేదు.

"రెండు కాదు," అన్నాను. "ఒకటి. గోడా కాదు, నేలమీద దొర్లుకుంటూ పోయింది. రెండుసార్లు నడిచాడు."

"చెయ్యి నొప్పి పెట్టలేదు కదా?"

పేజీని పైకీ కిందకీ జరిపి చూశాను. పరుగులు, తప్పులు, అవుట్లు, అన్నీ ఉన్నాయి.

"అది ఇందులో వేయరే," అన్నాను.